తపాలా బిళ్లల సాక్ష్యము

(పఠనమందిర సభలో మేము చేసిన ఉపన్యాసము)



పోయిన నెల ఈ మందిరముననే పత్రికలు తిరుగవేయుచుండగా, ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు మా యొద్దకు వచ్చి తన తపాలా బిళ్లల పుస్తకమును చూపెను. అన్నియు అమెరికా సంయుక్త రాష్ట్రములవే. కొన్ని నిజమైన బిళ్లలు. దొరకనివాటికి బదులు కత్తిరించి యంటించిన బొమ్మలు. వానిని సంవత్సరక్రమమున నమర్చి, ప్రతిదాని క్రింద చరిత్ర వ్రాసికొన్నాడు. కొన్ని పుటలు త్రిప్పిన పిదప, "బానిసలకోసము అక్కడ పెద్ద యుద్ధము జరిగినదని బడిలో చెప్పినారండీ. ఆ బానిసలు ఇందులో ఎక్కడున్నారండీ?" అని యడిగెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. నేటి ప్రసంగము ఆ బాలునికి మేము పడిన బాకీ.

మేము వృత్తిచే న్యాయవాదులము. సాక్షి చెప్పినదానినే గాక, చెప్పక దాటవేసినదానిని, ఎంతకాలమునకు నోరు విప్పెనో ఆ తేదీని గూడ గుర్తుపెట్టుకొనుట మాకలవాటు. తపాలా బిళ్ల యన ప్రభుత్వము తన్నుగూర్చి తానిచ్చుకొను వాఙ్మూలము. పెద్దలపై గౌరవ మెంతయున్నను సాక్షిని క్రాసు చేయక విడువరాదు.

ఆ దేశప్రభుత్వము దేశమంతటికి చెల్లునట్లు బిళ్లలు వేయుట 1847లో మొదలు. అయిదు సెంట్ల బిళ్లపై ఫ్రాంక్లిను, పది సెంట్ల బిళ్లపై వాషింగ్టను. 1775లో తపాలాశాఖకు ప్రథమాధిపతియైన ఫ్రాంక్లినునకు ఆ గౌరవము తగినదే. కాని ఆ బిళ్లలు అమ్ముడుపోవు దినములలోనే దక్షిణ రాష్ట్రములందు మనుష్యులును అమ్ముడుపోవుచుండిరి. తపాలాశాఖ యీ పాపమునకు దూరముగా నుండెనా? 1802 నాటి శాసనము ప్రకారము స్వతంత్రుడైన తెల్లవాడు దక్క వేరొకడు టపా మోయరాదు. ఆ నిషేధము 1865 వరకు తొలగలేదు. 1835లో చార్లెస్టను నగరమున బానిసత్వమును ఖండించు కాగితములను అల్లరిమూక తపాలా కార్యాలయమునుండి యెత్తుకొనిపోయి తగులబెట్టెను. ఇవేవియు బిళ్లలపై కానరావు.

1861 మొదలు 1865 వరకు యుద్ధము. లింకను ముఖము 1866లోనే బిళ్లకెక్కినది. 1869లో కొలంబసు దిగుట, స్వాతంత్ర్య ప్రకటనపై సంతకములు, గుఱ్ఱపు టపారౌతు, పొగబండి యంజను, ఇన్ని బొమ్మలు వేసిరి. విడుదలపొందిన లక్షలాది జనుల ముఖములలో నొక్కటియు లేదు.

పిమ్మట 1893. కొలంబసు యాత్రకు నన్నూరేండ్లు నిండెనని షికాగోలో గొప్ప ప్రదర్శనము పెట్టి, ఒక సెంటు మొదలు అయిదు డాలర్లవరకు పదునారు బిళ్లలు వేసిరి. ఇవి చూడ ముచ్చటయైనవే. అయిన నొక చోద్యము వినుడు. ఒక సెంటు బిళ్లపై దూరమున నేలను గాంచుచున్న కొలంబసునకు గడ్డము లేదు. రెండు సెంట్ల బిళ్లపై ఆ నేలమీద దిగుచున్న కొలంబసునకు నిండుగడ్డము. రాత్రికి రాత్రి మొలిచిన గడ్డము! ఒక డాలరు బిళ్లపై ఇసబెల్లా రాణి యాత్రకై తన నగలను కుదువబెట్ట సిద్ధపడుచున్నది; చరిత్రకారులు దీనిని కట్టుకథ యందురు. కోర్టులో నిలువని వినికిడి సాక్ష్యమన్నమాట. రెండు డాలర్ల బిళ్లపై సంకెళ్లతోనున్న కొలంబసు. 1500లో ఆయనను బంధించి స్పెయినునకు పంపిన మాట నిజమే. సంకెళ్లను చిత్రింపరాదను నియమమేదియు లేదని దీనిచే తేలుచున్నది. ఎవరి సంకెళ్లో యనుటయే ప్రశ్న.

1898లో ఒమహా ప్రదర్శనమునకు వేసిన బిళ్లలలో దేశీయ యిండియనుడు అడవిదున్నను వేటాడు బొమ్మ యొకటి. ఊండెడ్ నీ యొద్ద ఆ జాతి స్త్రీలను, బిడ్డలను సైనికులు కాల్చిచంపి అప్పటికి ఎనిమిదేండ్లే. అదే వరుసలో తుపానున చిక్కిన పశ్చిమ పశువులని వేసినవి స్కాట్లండు పశువులు. అక్కడి చిత్రకారుని పటమునుండి దింపినవి!

బాలుని ప్రశ్నకు బిళ్లలలో జవాబు 1940లో దొరకినది. ఏప్రిల్ 7న పదిసెంట్ల బిళ్లపై బుకర్ టి. వాషింగ్టను ముఖము వెలువడెను. బానిసగా బుట్టి, టస్కీగీ విద్యాలయమును నడపిన మహనీయుడు, 1915లో గతించెను. నల్లజాతివాని కీ గౌరవము దక్కుట యిదియే ప్రథమము. 1847 నుండి లెక్కింప తొంబదిమూడేండ్లు.

ఆ యేటనే అక్టోబరు 20న బానిసత్వమును రద్దుచేసిన పదుమూడవ రాజ్యాంగ సవరణకు డెబ్బదియైదేండ్లని మూడు సెంట్ల బిళ్ల వేసిరి. దానిపై లింకను నిలిచియున్నాడు. విడుదలపొందినవాడు ఆయన పాదములయొద్ద మోకరించియున్నాడు. ఇది రాజధానిలో 1876లో ప్రతిష్ఠింపబడిన విగ్రహము. దానికి ధనము కూర్చినవారు విడుదలపొందిన జనులే. రూపము నిర్ణయించినవారు మాత్రము ఇతరులు. ప్రతిష్ఠానాడు ఉపన్యసించిన ఫ్రెడరిక్ డగ్లసు, తాను గూడ బానిసత్వమునుండి పారివచ్చినవాడు, కొలది దినములలోనే పత్రికకు లేఖ వ్రాసి, మోకాళ్లపై గాక కాళ్లపై నిలిచిన నల్లమనుష్యుని విగ్రహమును తాను కన్నుమూయులోపల చూడగోరెదనని తెలిపెను. అరువదినాలు గేండ్ల తరువాత తపాలాశాఖ మరల మోకరించిన బొమ్మనే యెన్నుకొనెను! దయ చూపించువారు తాము దయచూపుచున్నట్లు కనబడుటయే ముఖ్యమని తలంతురేమో.

1942 జులై 7న లింకను ముఖమును, సన్ యట్ సేన్ ముఖమును ప్రక్కప్రక్క నుంచి చైనా పోరాటమునకు గౌరవముగా నొక బిళ్ల. చీనా కూలీలను దేశమున అడుగిడనీయని 1882 నాటి చట్టము ఆ దినమున అమలులోనే యున్నది. 1943 డిసెంబరున గాని రద్దు కాలేదు. మనవారి సంగతియు నంతకంటె మేలు కాదు. 1923లో భగత్ సింగ్ తిండ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు హిందూదేశస్థుడు "తెల్లవాడు" కాడని, పౌరసత్వమున కనర్హుడని తీర్పు చెప్పెను. 1946 చట్టముచే ఆ యడ్డు తొలగెను. నేడచ్చట స్థిరపడిన మన తెలుగువారు 2016లో వెలువడిన దీపావళి బిళ్లను ఉత్తరముల కంటించునపుడు ఆ తీర్పును గూడ స్మరింతురుగాక.

1961 జనవరి 26న గాంధీమహాత్ముని బిళ్లలు రెండు వేసిరి. అంతకు ముందటి యేడే గ్రీన్స్‌బరోలో నల్లజాతి విద్యార్థులు ఫలాహారశాలలో కూర్చుండుటకై సత్యాగ్రహము చేసియుండిరి. 1963 ఆగస్టు 16న విమోచన ప్రకటన శతాబ్దికి వెలువడిన బిళ్లపై మనుష్యుడే లేడు; తెగిన సంకెల యొక్కటే. గీసినవాడు జార్జి ఓల్డెను, అమెరికా బిళ్లను రూపొందించిన మొదటి నల్లజాతి చిత్రకారుడు. పండ్రెండు దినములకు రాజధానిలో లక్షలాది జనులు సమానహక్కులకై నడచిరి.

ఆ సంకెలను జూచి బాలుడు, "మరి అది తెంపినవారేరి?" యని మరల నడిగినాడు. అందుకై హారియెట్ టబ్‌మను బిళ్ల బొమ్మను సంపాదించి యిచ్చితిమి. పదుమూడు సెంట్లు, 1978 ఫిబ్రవరి 1. మొదటి బిళ్లలు వెలువడిన 1847లో ఈమె మేరీలాండున బానిస. 1849లో తప్పించుకొని, ఎన్నోమారులు వెనుకకు బోయి తనవారిని వెంటబెట్టుకొని తెచ్చెను. బాలుడు దానిని వరుస తప్పించి, మొదటి పుటలో వాషింగ్టను ప్రక్కనే యంటించినాడు.