అడవి నేర్పిన బ్రతుకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణమునకు మనము ఏటేట పోవుచునే యున్నాము. ఆ నరసింహస్వామియే అహోబిలమున చెంచుల యింటి అల్లుడు. నల్లమల అడవిలో చెంచులక్ష్మిని వలచి పెండ్లాడెనని అచ్చటి వారి నమ్మకము. దేవుడే నేలకు తగినట్లు నడచుకొనగా, మనుష్యుని మాట చెప్పవలయునా? ఈ సంగతియే నేడు మనవి చేయదలచితిని.

ముందు మనలను మనము చూచుకొందము. గౌతమీ వసిష్ఠల నడుమ కాపురముండువారము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువనీరు మన పొలములకు నిలుకడ నిచ్చినది. నీరు నిలిచినచోట మనిషి నిలుచును. గట్టు వేయును, గాదె కట్టును, దస్తావేజు వ్రాయించుకొనును.

నల్లమలలో ఆహారము ఒక్కచోట దొరకదు. గడ్డలొకచోట, పండ్లొకచోట, వేసవిలో ఇప్పపూవు వేరొకచోట. కావున చెంచులకు మోయగలిగినదే ఆస్తి: విల్లమ్ములు, గొడ్డలి, గడ్డలు త్రవ్వు పలుగు, బుట్టలు. వారి పల్లెను పెంట యందురు. నీటికి చేరువగా కొద్ది కుటుంబములే యుండును. పెక్కుమంది ఒక్కచోట చేరినచో ఆ చుట్టుపట్ల అడవి పోషింపజాలదు. హైమెండార్ఫ్ పండితుడు వారి నడుమ నివసించి, 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించెను.

తేనె తీయుట చూడుడు. కొండచరియపైనుండి తాడుతో దిగవలెను. పైన ఆ తాడును కాచువాడు బావమరది. తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాటికే వ్రేలాడుచుండగా వాడు చేయి సడలించునా? చుట్టరికమునకు సైతము అడవియే అర్థము చెప్పినది!

ఆఫ్రికాలోను ఇదే తీరు. కలహారి ఎడారిలో సాన్ జనులు నిప్పుకోడి గ్రుడ్డు పెంకులలో నీరు దాచుకొనెడివారు. టాంజానియాలోని హడ్జాలు ఒక పక్షి పిలుపు వెంట పోయి తేనెపట్టును కనుగొందురు. వీరిని అనాగరికులనుట మన తెలివితక్కువ.

నేను లెక్కలు వ్రాయువాడను. సర్వే నంబరు లేని నేల, పట్టా లేని మనిషి మా లెక్కకు అందరు. ఆ లెక్కయే వారి పాలిటి శాపమైనది. 1983లో నల్లమల పులుల అభయారణ్యమైనది. తాతముత్తాతలు తిరిగిన అడవిలో చెంచులు ఆంక్షలకు లోబడవలసివచ్చినది. కలహారినుండి వెడలగొట్టబడిన సాన్ జనులకు అచ్చట నివసించు హక్కు కలదని 2006 డిసెంబరులో బోట్స్వానా హైకోర్టు తీర్పు చెప్పెను. ఆ నెలలోనే మన పార్లమెంటు అటవీ హక్కుల చట్టమును ఆమోదించెను. అయితే చట్టము వ్రాయుట వేరు, పెంటలోని మనిషి చేతికి హక్కుపత్రము అందుట వేరు.

నేడు చెంచులలో కూలికి పోవువారును, బడికి పోవు బిడ్డలును కలరు. అడవిలో నుండుటయో, వెలుపలికి వచ్చుటయో వారే నిర్ణయించుకొనవలెను గాని మనము కాదు.

ఒకమారు శ్రీశైలయాత్రలో నేను తేనెకు గీచిగీచి బేరమాడితిని. ఆ తాటి సంగతి అప్పటికి ఎరుగను. పిదప గ్రంథములు చదివి సిగ్గుపడితిని. ఎరుగనివానిని ఎరుగునట్లు చేయుటకే గదా గ్రంథాలయము! మన గ్రంథాలయము మరెందరికో అట్టి సిగ్గును, ఆ వెనుక వచ్చు వివేకమును ప్రసాదించుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.