రాకెట్ల దీవిలో రాజహంసలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. స్వర్ణోత్సవ నిధిలో మిగిలిన డబ్బుతో ఏం చేయాలన్న దాని మీద మన కమిటీ ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి బడి గేటుకు రాతి కమాను కట్టించడం. రెండోది ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని శ్రీహరికోట, పులికాట్ సరస్సు చూపించి తీసుకురావడం. కమాను గురించి నా తర్వాత మా బ్యాచ్ మిత్రుడే మాట్లాడతాడు. బడిలో వక్తృత్వం పోటీల్లో ఎప్పుడూ వాడిదే మొదటి బహుమతి, నాది రెండోది. కాబట్టి నేను వక్తృత్వం జోలికి పోకుండా, పోయిన జనవరిలో ముప్పై ఆరుమంది పిల్లలతో, ముగ్గురు టీచర్లతో వెళ్లి చూసిందే చెప్తాను.

"పక్షుల్ని చూడడానికి అంత దూరమెందుకు, జూ పార్కు మన ఊళ్లోనే ఉంది కదా" అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ జూ ఒకప్పుడు మన పక్కనే, పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేది. 1963లో బహదూర్‌పురాలో నెహ్రూ జూ తెరిచినప్పుడు జంతువుల్ని అక్కడికి తరలించారు. బోనులో ఉన్న జంతువును చూస్తే అది ఎలా ఉంటుందో తెలుస్తుంది. అది ఎక్కడ ఉంటుంది, ఎందుకు అక్కడే ఉంటుంది, ఎవరితో తగాదా పడుతుంది అన్నవి మాత్రం అది ఉన్న చోటికి పోతేనే తెలుస్తాయి. సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానం అంతా తిరిగి పక్షుల లెక్క రాసింది కూడా బోనుల ముందు నిలబడి కాదు.

నాంపల్లిలో చదివిన మనకు ఈ ప్రయాణంలో ఒక సౌకర్యం ఉంది. సాయంత్రం మన స్టేషన్‌లోనే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి గూడూరు. బడి నుంచి స్టేషన్‌కి పిల్లలు రెండు వరసల్లో నడిచే వచ్చారు. నుమాయిష్ రోజులు కదా, ఆ జనంలో వాళ్లను దాటించడమే మొత్తం ప్రయాణంలో కష్టమైన పని అని టీచర్లు ఇప్పటికీ అంటారు. గూడూరులో దిగి, ఇడ్లీలు తిని, బస్సులో చెన్నై రోడ్డు పట్టుకున్నాం.

మొదటి మజిలీ నేలపట్టు. చిన్న ఊరు, ఊరి పక్కన ఒక చెరువు, చెరువు మధ్యలో నీటి కడప చెట్లు. నీళ్లలో నెలల తరబడి మునిగి ఉన్నా ఆ చెట్లు చావవు. వాటి మీద గూడబాతులు గూళ్లు కడతాయి. కింద అంతా నీళ్లు గనక పిల్లులూ నక్కలూ గూటి దాకా రాలేవు. 1976లో దీన్ని పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు గానీ, అంతకు ముందు నుంచే ఊరివాళ్లు వాటి జోలికి పోయేవాళ్లు కాదు. పక్షులొస్తే వానలు బాగా పడ్డట్టు లెక్క. పైగా రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి మంచి ఎరువు. భక్తీ లాభమూ కలిసిన చోట రక్షణ బాగా నిలుస్తుందని నా అభిప్రాయం. టవర్ ఎక్కి చూస్తే ఒక్కో చెట్టు మీద పదుల గూళ్లు. తల్లి వచ్చి వాలగానే పిల్ల దాని సంచీ ముక్కులోకి తల మొత్తం దూర్చి చేపల్ని లాక్కుంటుంది. అది చూసి మా పిల్లలు పడీపడీ నవ్వారు.

ఇక్కడ ఒక్క మాట. పేపర్లలో ఏ పెద్ద కొంగ ఫొటో పడినా కింద "సైబీరియా నుంచి వచ్చిన అతిథి" అని రాస్తారు. గూడబాతు సైబీరియాది కాదు. ఎర్రకాళ్ల కొంగా కాదు. ఇవి మన ఉపఖండంలోనే నీళ్లూ చేపలూ దొరికే చోటికి మారుతూ ఉండే పక్షులు. ఉత్తరం నుంచి నిజంగా వలస వచ్చేవి వేరే ఉన్నాయి, చలికాలం బాతులు, చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు. వాటి ఫొటో ఎవరూ వేయరు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సుమారు పద్దెనిమిది కిలోమీటర్లు. ఇది సరస్సును నడిమికి కోసుకుంటూ పోతుంది. చిలుక తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పాత పేరు ప్రళయ కావేరి. ఆ పేరుతోనే స.వెం. రమేశ్ గారి కథల పుస్తకం ఉంది. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద దొరికితే వదలకండి, ఆ దీవుల మాటా తిండీ ఎలా ఉండేవో అందులో తెలుస్తుంది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి, సముద్రం మొగల గుండా ఉప్పునీళ్లు తోస్తుంది. రెండూ కలిసిన ఆ నీళ్లలోనే రొయ్య, పీత, చేప పెరుగుతాయి. నీళ్లు చాలాచోట్ల మోకాటి లోతు కూడా ఉండవు. ఫ్లెమింగోకు కావలసింది సరిగ్గా అదే. అక్కడివాళ్లు దాన్ని రాజహంస అంటారు.

అటకానితిప్ప దగ్గర బస్సు ఆపాం. తలుపు తీయగానే గాలి. ఊరికే గాలి అంటే మీకు అర్థం కాదు. ఒక టీచరమ్మ చేతిలోని హాజరు కాగితం ఎగిరిపోయి సరస్సులో పడింది, ఆ తర్వాత తిరుగు ప్రయాణం దాకా పిల్లల్ని తలలు లెక్కపెట్టుకునే తిప్పాం. అడ్డంగా ఒక కొండ లేదు, ఒక మేడ లేదు. బంగాళాఖాతం మీద నుంచి వచ్చే గాలికి ఆ పక్క నుంచి ఈ పక్క దాకా అడ్డే లేదు.

ఆ గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి రాజహంసలు. దూరం నుంచి చూస్తే నీటి అంచున ఎవరో గులాబీరంగు చీర ఆరేసినట్టుంది. మన బడి కొన్న రెండు దుర్భిణులూ చేతులు మారాయి. ఆ పక్షి తలను తలకిందులుగా నీళ్లలో పెట్టి, వంకర ముక్కుతో బురదనీళ్లు పీల్చి, జల్లెడ పట్టినట్టు తిండిని ఉంచుకుని నీళ్లు బయటికి తోస్తుంది. పుట్టుకతో దానికి ఆ రంగు లేదు, పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. తిన్న నాచులోనూ చిన్న రొయ్యల్లోనూ ఉన్న రంగు రెండు మూడేళ్లకు రెక్కల్లోకి దిగుతుంది. ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుందని ఒక అబ్బాయి అడిగాడు. అలసట లేకుండా అని చెప్పాను. 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు చచ్చిపోయిన ఫ్లెమింగోను ఒంటికాలి మీద నిలబెట్టి చూశారు, నిలబడింది! కండరాల బలం అక్కర్లేకుండానే ఆ కాలు సరైన కోణంలో తనంతట తాను బిగుసుకుంటుందన్నమాట. ఆ రోజంతా పిల్లలు ఒంటికాలి మీదే ఉన్నారు.

దీవిలోకి ముందుగా ఉత్తరం రాసి తెచ్చుకున్న అనుమతితో వెళ్లాం. గేటు దాటాక అంతా అడవి. ఇస్రో 1969లో ఈ చోటును ఎంచుకునేనాటికి ఇక్కడ జామాయిలు, సరుగుడు తోటలుండేవి, వంటచెరకు కోసం. తూర్పున సముద్రం ఉంది గనక రాకెట్ ముక్కలు ఊళ్ల మీద పడవు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది గనక తూర్పుకు వదిలిన రాకెట్‌కు ఈ అక్షాంశం దగ్గర సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం ఊరికే కలిసొస్తుంది. 1971 అక్టోబర్ 9న మొదట ఎగిరింది రోహిణి-125 అనే చిన్న రాకెట్. 1979 ఆగస్టులో ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది, 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2013లో మంగళయాన్, 2023లో చంద్రయాన్-3 ఇక్కడి నుంచే వెళ్లాయి. 2025 జనవరి 29న జరిగింది ఇక్కడి నుంచి నూరో ప్రయోగం. ఇవన్నీ పిల్లలకు నాకంటే బాగా తెలుసు. వాళ్లకు తెలియనిది ఒకటి అక్కడ విన్నాం. ప్రయోగానికి ముందు బెలూన్లు వదిలి, పైన ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో కొలుస్తారు, దాన్నిబట్టి రాకెట్ దారిని సర్దుతారు. పొద్దున మా హాజరు కాగితాన్ని ఎత్తుకుపోయిన గాలికి అంతటి రాకెట్ కూడా లెక్క చెప్పాల్సిందే.

మ్యూజియంలో మ్యాపు ముందు నిలబడి ఎనిమిది నిమిషాలు ఏమీ మాట్లాడని ఒక అమ్మాయి, మల్లేపల్లి నుంచి వచ్చే పిల్ల, చివరికి అడిగింది: "సార్, రాకెట్లు రాకముందు ఈడ ఎవ్వరున్నరు? వాళ్లు ఎటు పోయిన్రు?"

ఉన్నది యానాదులు. తరతరాలుగా ఆ దీవి అడవిలో తేనె, దుంపలు, కట్టెలు, మందుమొక్కలు ఏరుకుని, సరస్సులో చేపలు పట్టుకుని బతికినవాళ్లు. ఆ అడవిలో ఏ వేరు దేనికి పనికొస్తుందో తెలిసినవాళ్లు. కేంద్రం వచ్చాక కొందరు లోపలి పనుల్లో కుదిరారు, మిగిలినవాళ్లు ఒడ్డు పల్లెలకు చేరారు. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా వాళ్ల కోసం పనిచేసి, 1962లో వాళ్ల మీద ఒక పుస్తకమే రాశారు. నాకు తెలిసినంత చెప్పాను. ఆ పిల్ల ముఖం చూస్తే సరిపోలేదని తెలిసింది.

ఖాళీ అయిన పల్లెల్లో వదిలిపోయిన ఆవులు తర్వాత్తర్వాత మచ్చిక తప్పి అడవి పశువులైపోయాయి. ఇప్పటికీ అక్కడ మందలుగా తిరుగుతున్నాయి, వాటికి కట్టుకొయ్య అంటే ఏమిటో తెలియదు. దుప్పులూ ఉన్నాయి, అడవిపందులూ ఉన్నాయి. మనుషుల్ని రానివ్వని కంచె జంతువులకు కోట అయింది. ఇది ఇక్కడి వింత మాత్రమే కాదు. అమెరికాలో కెన్నడీ అంతరిక్ష కేంద్రం చుట్టూ ఉన్న మెరిట్ దీవిని 1963లోనే వన్యప్రాణుల ఆశ్రయంగా మార్చారు. దక్షిణ అట్లాంటిక్‌లో ఫాక్లాండ్ దీవులున్నాయి, వాటి ముఖ్యపట్టణం స్టాన్లీ అచ్చంగా గాలికి ఎదురొడ్డిన ఊరే. 1982 యుద్ధంలో అక్కడి తీరంలో పాతిన మందుపాతరల వల్ల మనుషులు అడుగు పెట్టలేకపోయారు. పెంగ్విన్లు మాత్రం బరువు చాలక పాతరలు పేలక నిశ్చింతగా గుడ్లు పెట్టుకున్నాయి. 2020లో గానీ చివరి మందుపాతర తీయలేదు. కంచె మంచిదా చెడ్డదా అని తొమ్మిదో తరగతిలో వాదన పెట్టాలనిపిస్తే ఇంతకంటే మంచి విషయం నాకు తోచదు.

రెండో రోజు తడ దగ్గర భీములవారిపాళెం రేవులో ఇరకం దీవికి వెళ్లే పడవ ఎక్కాం. దీవిలో ఊరుంది, అక్కడి జనానికి బస్సు పడవే. పడవ నడిపే పెద్దాయనను మా టీచరు "చేపలు బాగా పడతాయా అన్నా" అని అడిగారు. "యాడ సామీ, ముందర మాదిరి నీళ్లేవి? మొగ పూడితే రొయ్య లోపలికి ఎట్టొస్తాది" అన్నాడు. విషయం అంతే. సముద్రానికీ సరస్సుకూ నడుమ ఉన్న మొగలు ఇసుక మేట వేసి పూడుకుపోతున్నాయి. ఆటుపోట్లు ఆగితే ఎండాకాలం సరస్సు ఉప్పుమడి అవుతుంది, చేపపిల్ల లోపలికి రాదు, రాజహంసకు తిండి ఉండదు. మనం దిగి ఫొటోలు తీసుకున్న ఆ రోడ్డు కూడా నీటి కదలికకు అడ్డమే. తూములున్నా అవి చాలవు. రోడ్డుకు ఉత్తరాన మేం చూసినంత మేర తెల్లటి ఉప్పు తేలి, నెర్రెలు విచ్చిన నేల. ఆ నేల మీద మా పిల్లలు క్రికెట్ ఆడారు. దక్షిణాన నీళ్లు, నీళ్లలో పక్షులు. ఒకే రోడ్డు మీద నిలబడి, తల ఇటు తిప్పితే ఒక సరస్సు, అటు తిప్పితే ఇంకో సరస్సు.

చేపల వాళ్లలో ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో వంతుల ప్రకారం పంచుకునే "పాడు" అనే పాత కట్టుబాటు ఉంది. నీళ్లు తగ్గితే వంతులూ తగ్గుతాయి, తగాదాలు పెరుగుతాయి. పక్షుల పండుగ 2001లో మొదలుపెట్టారు, పండుగకు జనం బాగానే వస్తారు. పూడిక తీసే పని మాత్రం పండుగలా ఏటా రాదు.

తిరిగొచ్చాక ఆ ముప్పై ఆరుమందిలో పదకొండుమంది ఇప్పుడు నెలకో ఆదివారం దుర్భిణి పట్టుకుని పబ్లిక్ గార్డెన్స్‌కు పోతున్నారు. వాళ్ల నోటుబుక్కులో ఇప్పటిదాకా ముప్పై నాలుగు రకాల పక్షులున్నాయి, అదీ నాంపల్లి నడిబొడ్డున. ఆ మల్లేపల్లి పిల్ల యానాదుల గురించి తెలుసుకోవడానికి మన లైబ్రరీలో పుస్తకం అడిగితే లేదు. ఆ కొనుగోలు ఖర్చు కూడా నా ప్రతిపాదనలో కలిపాను, కమిటీ వారు గమనించాలి.

ఖర్చుల కాగితం కోశాధికారి గారి దగ్గర ఉంది. కమాను ఖర్చుతో ఎన్నేళ్లు పిల్లల్ని పంపవచ్చో ఆయనే లెక్కగట్టారు, చూడండి. రైలు టికెట్లు అరవై రోజుల ముందే తెరుస్తారు. జనవరి రెండో వారం ప్రయాణమంటే నవంబరు రెండో వారానికి పేర్లు కావాలి. పిల్లలతో రాగలిగిన పూర్వ విద్యార్థులు కనీసం నలుగురు కావాలి, అందులో ఒక డాక్టరు ఉంటే మంచిది. గాలికి తట్టుకునే టోపీ, తాడుతో కట్టుకునేది, ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.