ట్రాక్టర్ వెనక చక్రంలో టక్కు టక్కు: విప్పే ముందు వినండి

ఈ రోజు కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. మా ఇంట్లో పాత ట్రాక్టర్ ఉంది, దాని వయసు నా కంటే రెండేళ్లు ఎక్కువ. దాని వెనక చక్రం నాకు నేర్పిన పాఠం చెప్తా.

మాది తణుకు పక్కన పల్లెటూరు. సార్వా దమ్ములు అయిపోయాక దమ్ము చక్రాలు తీసి మామూలు టైర్లు నేనే ఎక్కించా. మర్నాడు ఊడ్పులకి ట్రాలీలో పదకొండు మందిని ఎక్కించుకుని కాలవ గట్టు మీద వెళ్తున్నా. వెనకనించి టక్కు... టక్కు. పాత బండి కదా, మామూలే అనుకుని పాటల సౌండ్ పెంచా. కాసేపటికి ట్రాలీలోంచి ఒక పిన్ని అరిచింది: "బాబూ, చక్రం దగ్గర ఏదో కొట్టుకుంటోందయ్యా, ఆపు ముందు!"

ఆపా. అందరూ దిగి నడిచెళ్లారు. చక్రమంతా బురద, ఏమీ కనపడలేదు. తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "లోపల డిఫరెన్షియల్ పోయుంటుంది. హౌసింగ్ మొత్తం విప్పాలి, 40 వేలు చూసుకో" అన్నాడు.

నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు వెతికినోణ్ణి కదా. బగ్ ఎప్పుడు వస్తుందో తెలీకుండా కోడ్ మార్చకూడదు. ఇక్కడా అంతే. ట్రాలీ తీసేసి, ఖాళీ బండిని లో గేర్‌లో మెల్లగా ఇంటికి తెచ్చి ఒక్కో ప్రశ్నా వేసుకున్నా.

మొదటిది. బండి ఆగి, ఇంజన్ నడుస్తున్నప్పుడు సౌండ్ ఉందా? ఉంటే అది చక్రంది కాదు. గేర్‌బాక్స్ వైపో, హైడ్రాలిక్ పంపు వైపో చూడాలి. నాకు లేదు.

రెండోది. మలుపులోనే వస్తుందా? బండి తిన్నగా పోయేటప్పుడు డిఫరెన్షియల్‌లోని చిన్న గేర్లు తమ చుట్టూ తాము తిరగవు. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరుగుతాయి కాబట్టి అప్పుడే వాటికి పని. అందుకే మలుపులో మాత్రమే సౌండ్ వస్తే అనుమానం వాటి మీదకి వెళ్లాలి. డిఫరెన్షియల్ లాక్ పడి ఉండిపోయిందేమో కూడా చూడండి. నాకు తిన్నగా పోయినా వస్తోంది.

మూడోది బ్రేకు. ట్రాక్టర్‌కి కుడి, ఎడమ బ్రేకులు వేరు కదా. మెల్లగా పోతూ ఒక్కోటి విడిగా తొక్కితే సౌండ్ మారిందా? మారితే ఆ వైపు బ్రేకు చూడాలి. నాకు మారలేదు.

నాలుగోది అసలు కిటుకు. టైరు మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఇంకొకరు మెల్లగా నడుపుతుంటే, పక్కనించి పది అడుగుల దూరంలో నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి. తర్వాత కూర్చుని లెక్కపెట్టండి. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక్క టక్కు వస్తే తప్పు చక్రంలోనో, రిమ్‌లోనో, యాక్సిల్‌లోనో ఉంటుంది. ఒక చుట్టుకి చాలా టక్కులు వస్తే లోపలి పినియన్‌ని అనుమానించాలి, ఎందుకంటే అది చక్రం కంటే చాలా వేగంగా తిరుగుతుంది. టక్కు కాకుండా గరగరమని, స్పీడు పెరిగేకొద్దీ పెరిగితే బేరింగు.

నా వీడియోలో చుట్టుకి ఒక్కటే టక్కు!

బురద కడిగా. ఎనిమిది నట్లలో మూడు చేత్తోనే తిరుగుతున్నాయి. నట్ల చుట్టూ తుప్పు చారలు, డిస్క్ బెజ్జాలు కోడిగుడ్డులా సాగిపోయాయి. చిన్న పానాతో బిగించి వదిలేసింది ఎవరు? నేనే. ఇంకాస్త దూరం పోయుంటే గట్టు మీద చక్రం ఊడేది. పక్కన కాలవ, వెనక పదకొండు మంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే నేను చివర్న చేసింది మీరు మొదట చేయండి. సౌండ్ రాగానే బండి ఆపి, మనుషుల్ని దించి, బురద కడిగి నట్లు చూడండి. బెజ్జాలు సాగితే బిగించి సరిపెట్టొద్దు, డిస్క్ మార్చాలి. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించండి. కొన్ని గంటలు పనయ్యాక మళ్లీ ఒకసారి బిగించండి.

నట్లు బాగానే ఉన్నాయా? అప్పుడు గట్టి నేల మీద, ఇంజన్ ఆపి, ముందు చక్రాలకి అడ్డం పెట్టి జాకీ వేయండి. కింద గట్టి స్టాండ్ ఉండాలి, జాకీని ఒక్కదాన్నే నమ్మొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే బేరింగు అరిగినట్టే. ఒక చక్రం గాల్లో ఉండగా ఇంజన్ స్టార్ట్ చేసి గేర్ అస్సలు వేయొద్దు.

చివరగా ఆయిల్. తెల్లగా పాలలా ఉంటే నీళ్లు చేరాయని. దమ్ము చేసే బళ్లకి సీలు పోతే ఇది జరుగుతుంది. ఇనప ముక్కలు కనిపిస్తే మాత్రం మెకానిక్ మాటే నిజం, హౌసింగ్ విప్పించాల్సిందే.

నాకు సెకండ్ హ్యాండ్ డిస్కు, కొత్త నట్లతో పని అయిపోయింది. నాన్నకి మొత్తం చెప్పా. తిట్టలేదు, పెద్ద పానా తెచ్చి నా చేతికిచ్చాడు.

ఇప్పుడు ఆ పిన్ని ట్రాలీ ఎక్కే ముందు రోజూ అడుగుతుంది: "నట్లు చూశావా బాబూ?" చూశాకే బయల్దేరుతున్నా. మీ బండి ఎలాంటి సౌండ్ చేస్తోందో కామెంట్లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!