దాచిన విద్య, పంచిన విద్య: తెలుగునేల మీద ఆయుర్వేదం, యోగం
(కాగజ్‌నగర్‌లో చేసిన స్మారకోపన్యాస పాఠం)

 

ఎవరి జ్ఞాపకార్థం ఈ సాయంత్రం కూడామో ఆయన పేరు నేను చెప్పడం లేదు. తన పేరుతో బోర్డులు, దండలు వద్దని ఆయనే ఇంట్లోవాళ్లకు చెప్పి పోయారు. ఊరంతా ఆయన్ను వైద్యులుగారు అనే పిలిచింది, నేనూ అలాగే అంటాను. ఆయన ఇచ్చే ప్రతి చూర్ణం పొట్లం మీద అందులో ఏమేం కలిపారో, ఏది ఎంతో తెలుగులో రాసి ఉండేది. చదువురాని వాళ్లకు చదివి వినిపించేవారు. "మందు తెలిసి తినాలె, తెలియక మింగొద్దు" అనేది ఆయన మాట. ఈ ఉపన్యాసానికి నాకు దొరికిన దారి ఆ పొట్లమే. మన నేల మీద ఆయుర్వేదమూ యోగమూ ఎప్పుడు బాగా బతికాయో చూస్తే, ఎవరో ఒకరు దాన్ని గుప్పిట్లోంచి తీసి నలుగురిలో పెట్టినప్పుడే. ఆ మనుషుల చరిత్ర కొంత చెబుతాను.

ముందుగా ఒక రాయి దగ్గరికి వెళ్దాం. క్రీ.శ. 1261 నాటి మల్కాపురం శాసనం కాకతీయ రుద్రమదేవి కాలంది. గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర శివాచార్యులకు మందడం, వెలగపూడి గ్రామాలు దానంగా దక్కాయి. నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే. వాటి ఆదాయాన్ని మూడు భాగాలు చేసి, ఒక భాగాన్ని ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి కేటాయించారు. గుడి, మఠం, బడి ఉన్నచోటే పురుడు పోసే శాల కూడా ఉండాలని ఏడున్నర శతాబ్దాల కిందట ఒక ఆచార్యుడు రాతిమీద చెక్కించాడు. మన చరిత్ర పాఠాల్లో కోటలకూ యుద్ధాలకూ ఇచ్చిన చోటులో పదో వంతు ఈ ప్రసూతిశాలకు ఇచ్చినా బాగుండేది.

యోగం సంగతికి వస్తే శ్రీశైలం తలవాలి. సిద్ధుల కొండ అది. పదిహేనో శతాబ్దంలో అక్కడి భిక్షావృత్తి మఠాధిపతి ప్రోత్సాహంతో గౌరన 'నవనాథ చరిత్ర' రాశాడు. మత్స్యేంద్రుడు, గోరక్షుడు, చౌరంగి వంటి నాథయోగుల కథలవి. కాళ్లూ చేతులూ నరికించుకున్న సారంగధరుడు యోగబలంతో తిరిగి అవయవాలు పొంది చౌరంగి అయ్యాడన్న కథ మన పల్లెల్లో ఇప్పటికీ తెలిసిన కథే. గౌరన దాన్ని ద్విపదలో రాశాడు. పండితుడు పక్కన కూర్చుని అర్థం చెప్పక్కర్లేని, పాడుకుంటే నోటికి వచ్చే ఛందస్సు అది. కథలో ఉన్నది అద్భుతమే, ఆసనం వేసే పద్ధతి కాదు. అయినా గురువు చెవిలో మాత్రమే చెప్పే విద్య ఒకటి ఉందని, దాన్ని సాధించినవాళ్లలో గొల్లలు, బోయలు, రాజులు ఎవరైనా ఉండొచ్చని ఆ పాటలు జనానికి చెప్పాయి.

పద్ధతి చెప్పిన పుస్తకం తర్వాత వచ్చింది. పదిహేడో శతాబ్దానికి చెందిన 'హఠరత్నావళి'ని శ్రీనివాసయోగి సంస్కృతంలో రాశాడు. ఆయన తెలుగు పండితుడని పరిశోధకులు భావిస్తారు. నాకు ఈ గ్రంథం మీద ప్రత్యేకమైన అభిమానం. ఆసనాలు ఎనభై నాలుగు అని అంతకుముందు గ్రంథాలు చెప్పాయి కానీ, పేర్లు మొత్తం ఇవ్వలేదు. అందరూ ప్రమాణంగా చూసే 'హఠప్రదీపిక' వివరించింది పదిహేను ఆసనాలనే. శ్రీనివాసయోగి ఎనభై నాలుగింటి పేర్లూ వరసగా చెప్పాడు. శుద్ధి క్రియలు ఆరు అన్న పాత లెక్కనూ ఆయన ఒప్పుకోలేదు, ఎనిమిది అన్నాడు. పూర్వుల్ని గౌరవిస్తూనే తప్పనిపించింది తప్పని రాసే ధైర్యం అది. ఈ గ్రంథాన్ని మన కాలంలో పరిష్కరించి 1982లో అచ్చులోకి తెచ్చింది కూడా తెలుగువారే, ఎం. వెంకటరెడ్డి.

మన ఓరుగల్లు మట్టెవాడకు చెందిన పరశురామ పంతుల లింగమూర్తి మరో మెట్టు దిగి ఇంకా దగ్గరికి వచ్చాడు. ఆయన 'సీతారామాంజనేయ సంవాదం' తారక, సాంఖ్య, అమనస్క యోగాలను తెలుగు పద్యాల్లో చెప్పింది. రాముడూ సీతా హనుమంతుడూ మాట్లాడుకుంటుంటే విన్నట్టు యోగం వినొచ్చు. తెలంగాణలో అచల బోధ, వేదాంత గోష్ఠులు జరిగిన ఎన్నో ఇళ్లలో ఈ పుస్తకం ఉండేది. బడి మొహం చూడని మగ్గం మనిషి, వడ్రంగి సాయంత్రం కూర్చుని దీనిమీద వాదించుకున్న తరం మనకు మరీ దూరం కాదు.

వైద్యంలోనూ ఇదే జరిగింది. 'బసవరాజీయం' ఇరవై ఐదు ప్రకరణాల గ్రంథం. శ్లోకం సంస్కృతం, వెంటనే తెలుగు తాత్పర్యం. సంస్కృతం రాని పల్లె వైద్యుడు కూడా నాడి చూసే పద్ధతీ మందు పాళ్లూ అందులో చూసుకున్నాడు.

ఇక అచ్చుయంత్రం కాలం. మచిలీపట్నంలో పుట్టిన పండిత దీవి గోపాలాచార్యులు మద్రాసులో ఆయుర్వేద విద్యకు పాఠశాల నడిపి, పాత గ్రంథాలు అచ్చువేయించారు. ప్లేగు దక్షిణాదిని వణికించిన రోజుల్లో ఆయన హైమాది పానకం, శతధౌత ఘృతం వాడారు. శతధౌత ఘృతం చేయడం వైద్యులుగారి ఇంట్లో నేను చూశాను. ఆవునెయ్యిని రాగిపళ్లెంలో వేసి, చల్లని నీళ్లు పోసి, అరచేత్తో రుద్ది, ఆ నీళ్లు వంపేసి మళ్లీ పోస్తారు. అలా నూరు సార్లు. పచ్చటి నెయ్యి తెల్లగా వెన్నలా మారి వాసన పోతుంది. మంట పుట్టే చర్మానికి అది చల్లదనం. ప్లేగును కుదిర్చే శక్తి దానికుందని నేను అనను. ఊరు వదిలి జనం పారిపోతున్నప్పుడు రోగి పక్కన కూర్చున్న వైద్యుడి పని అది, ఆ గౌరవం దానికి ఉండాలి.

ఆచార్యులుగారి శిష్యుల్లో ఆచంట లక్ష్మీపతి (1880–1962) ఇంగ్లీషు వైద్యం చదివి పట్టా పుచ్చుకున్న డాక్టరు. పట్టా చేతిలో ఉండగా ఆయుర్వేదం వైపు వచ్చి, వ్యాయామం, మర్దన, ఎండ, ఆహారం ఇవన్నీ మందుకన్నా ముందు రావాలని జీవితమంతా చెప్పారు. ఆయన భార్య రుక్మిణి 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఆరోగ్యశాఖ చూశారు. హైదరాబాదులో 1956లో వైద్య చరిత్ర పరిశోధనకు పునాది వేసిన డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డిని కూడా తలుచుకోవాలి. పాత శాసనాల్లో, తాళపత్రాల్లో ఆసుపత్రులను వెతికిన మనిషి ఆయన.

ఇప్పుడు మన ఊరు. 1938లో మొదలైన సిర్పూర్ పేపర్ మిల్లు 1942లో కాగితం తీయడం ప్రారంభించింది. అప్పటినుంచి ఈ ఊరి ఒంట్లో పగలూ రాత్రీ తారుమారయ్యాయి. రాత్రి షిఫ్టు చేసిన మనిషికి ఏం చెప్పాలి? వాగ్భటుడు 'అష్టాంగహృదయం'లో దీనికి జవాబు ఇచ్చాడు. రాత్రి మేలుకుంటే ఒంట్లో ఎండుదనం పెరుగుతుందని, అలవాటు లేక మేలుకున్నవాడు పోయిన నిద్రలో సగం పొద్దున ఏమీ తినకముందే తీర్చుకోవాలని. వైద్యులుగారు షిఫ్టు దిగినవాళ్లకు అదే చెప్పేవారు. కడుపునిండా తిని పడుకోవద్దు, ముందు పడుకో, లేచి తిను. వ్యాయామం సంగతిలోనూ వాగ్భటుడిది ఇలాంటి కొలతే: బలం ఉన్నవాడు కూడా చలికాలంలో, వసంతంలో శక్తిలో సగం మేరకే, మిగతా కాలాల్లో ఇంకా తక్కువ. నలభై ఐదు డిగ్రీలు దాటే మన ఎండల్లో, వణికించే మన చలిలో ఆ మాట ఎంత నిజమో మీకు వేరే చెప్పాలా? వైద్యులుగారు తన దగ్గర యోగం నేర్చుకునేవాళ్లకు వేసవిలో ఆసనాలు తగ్గించి, చాప మీద కూర్చోబెట్టి ఊపిరి మీద సాధన చేయించేవారు. పీల్చినదానికన్నా వదలడం నిదానంగా సాగితే గుండె వేగం తగ్గుతుందని నేటి శరీరశాస్త్రమూ అంటుంది. 2014లో మిల్లు మూతపడి 2018 దాకా తెరుచుకోని రోజుల్లో ఆయన చాప మీద జనం పెరిగారు. జీతం లేని ఇంట్లో నిద్ర పట్టని మగవాళ్లు, వాళ్లకన్నా ఎక్కువగా నిద్ర పట్టని ఆడవాళ్లు. ఆసనం జీతం తెచ్చివ్వదని ఆయనకు తెలుసు. అందుకే యూనియన్ ధర్నాలోనూ కూర్చున్నారు.

మిల్లు గుజ్జుగా మార్చిన వెదురులోనే మరో సరుకు ఉంది. వెదురు కణుపుల మధ్య తెల్లగా గట్టిపడే పదార్థం వంశలోచనం. దగ్గుకు తేనెతో నాకించే సితోపలాది చూర్ణంలో పటికబెల్లం పదహారు పాళ్లయితే వంశలోచనం ఎనిమిది, పిప్పళ్లు నాలుగు, ఏలకులు రెండు, దాల్చినచెక్క ఒకటి. ఇప్పుడు అసలు వంశలోచనం అరుదు, బజారులో దొరికేది చాలావరకు కృత్రిమ సరుకే. తిప్పతీగ, నల్లజీడి, కరక్కాయ, తానికాయ దొరికే అడవి మనది. వాటిని ఎప్పుడు కోయాలో, ఎంత వదిలేయాలో తెలిసినవాళ్లు గోండు, కోలాం గూడేల్లోని పెద్దలు. గ్రంథాల్లో వాళ్ల పేర్లు లేవు. వైద్యులుగారు తన నోటుపుస్తకంలో ప్రతి మూలిక పక్కన అది ఏ గూడెంలో ఎవరు చూపించారో రాసుకున్నారు.

రహస్యం పోవాలన్నానని ఎవరి చేతికైనా ఏదైనా ఇవ్వొచ్చని అర్థం కాదు. పాదరసం, సీసం చేరిన రసౌషధాలు పేరులేని డబ్బాల్లో కొని తినకండి. చక్కెర జబ్బు, రక్తపోటు మాత్రలు యోగా తరగతిలో చేరామని మానకండి. ఛాతీ నొప్పి వస్తే కషాయం కాచుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. ఆయన కూడా అలాంటివాళ్లను చాప మీద కూర్చోనివ్వలేదు, ఆటో ఎక్కించేవారు.

ఆయన పేరు మీద ఏం చేయాలని నిర్వాహకులు నన్ను అడిగారు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకు ఒక కమిటీ, ఒక జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఆ నోటుపుస్తకాన్ని ముందు ఆ గూడేలకే తీసుకెళ్లి, గోండీలో, కోలామీలో, తెలుగులో చదివి వినిపించి, వాళ్లు సరే అన్నవి వాళ్ల పేర్లతోనే రిజిస్టరులో ఎక్కిద్దాం. వద్దన్నవి వదిలేద్దాం. ఈ ఆదివారం మొదటి గూడేనికి బయల్దేరేవాళ్లు సభ అయ్యాక పేర్లు ఇవ్వండి. గోండీ, కోలామీ వచ్చినవాళ్లు ముందు రండి.