ముంపు చేలో మొదలైన పరిశోధన



కె.గంగవరంలో సైన్సు, ఇంజనీరింగు పట్టభద్రులతో మాట్లాడమని పిలిచారు. ఒక్క విషయమే మాట్లాడతాను: పీహెచ్‌డీ. పట్టా చేతికి రాగానే అందరూ చూపించేవి రెండు దారులు. ఒకటి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండోది ఎంఎస్ కోసం అమెరికా. రెండూ మంచివే. మూడో దారి గురించి చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి నేను ఆ పని పెట్టుకున్నాను.

మీ అందరికీ తెలిసిన విత్తనంతోనే మొదలుపెడతాను. గోదావరికి అవతల మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో వశిష్ఠ, మసూరి రకాలను కలిపి స్వర్ణను తయారుచేశారు. ఎంటీయూ 7029 అంటే అదే. 1982లో విడుదలయ్యాక మన సార్వా చేలు దాటి ఒడిశా, బెంగాల్, బీహార్ పల్లపు భూములకు కూడా పాకింది. దిగుబడిలో దానికి తిరుగు లేదు కానీ వరదను మాత్రం తట్టుకోలేదు. చేను నిండా మునిగి వారం దాటితే దుబ్బు కుళ్ళిపోతుంది. ఎందుకంటే నీట మునిగిన వరి గాలి కోసం పైకి సాగుతుంది. ఆ సాగడానికి తనలో దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టేస్తుంది. నీరు తీసేసరికి నిలబడే సత్తువ ఉండదు.

ఒడిశాలో ఎఫ్ఆర్13ఎ అనే పాత రకం ఉంది. అది మునిగినా చావదు, కానీ పండేది తక్కువ. ఈ గుణాన్ని మంచి రకాల్లోకి తేవాలని చాలా ఏళ్ళు ప్రయత్నించారు. ముంపు తట్టుకునే గుణంతో పాటు పనికిరాని గుణాలూ వచ్చేవి. 1990ల్లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెకిల్ దగ్గర కెనాంగ్ షూ అనే విద్యార్థి ఈ ప్రశ్న పట్టుకున్నాడు. మొక్కలను నీట ముంచాలి, ఏవి బతికాయో చూడాలి, వాటి డీఎన్ఏతో సరిపోల్చాలి, మళ్ళీ ముంచాలి. ఆ పనిలో తేలింది ఒక్క మాటే: ఆ గుణం తొమ్మిదో క్రోమోజోము మీద ఉంది. 1996లో అచ్చయింది. అసలు జన్యువు దొరికి నేచర్ పత్రికలో వచ్చేసరికి 2006. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు దాన్ని మన స్వర్ణలోకి తెచ్చారు. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది. ఈ మొక్క నీట మునిగితే సాగడం ఆపేస్తుంది, దాచుకున్నది దాచుకునే ఉంటుంది, రెండు వారాల తర్వాత కూడా కొత్త ఆకు వేస్తుంది.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, పీహెచ్‌డీ మీద మీకున్న భయం పోవాలని. ప్రపంచాన్ని తలకిందులు చేసే సిద్ధాంతం మీ నుంచి ఎవరూ అడగరు. ఒక చిన్న ప్రశ్నకు, మరొకరు మళ్ళీ చేసి చూసినా మారని జవాబు అడుగుతారు. దాని మీద ఇంకొకరు కట్టుకుంటారు.

అలాంటి ప్రశ్నలు ఈ మండలం చుట్టూ బోలెడు ఉన్నాయి. స్వర్ణ సబ్1 పిలకల దశలో ముంపును ఓర్చుకుంటుంది, కంకి వేశాక వచ్చే తుపానుకు దాని దగ్గర మందు లేదు. మురుగు కాలువలు లాగక, పెట్టుబడి తిరిగిరాక 2011లో కోనసీమ రైతులు సార్వా సాగే మానేశారు. ఆ కాలువల్లో నీరు ఎక్కడ ఆగుతోందో లెక్కగట్టడం సివిల్ ఇంజనీరు పని. కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ పట్టింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం దాన్ని చంపే శిలీంధ్రాన్ని పెంచి రైతులకిస్తోంది. ఆ శిలీంధ్రం ఎండలోనూ నిలిచేలా చేయడం సూక్ష్మజీవశాస్త్రం చదివినవాళ్ళకు తగిన ప్రశ్న. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. గ్యాసు తీసిన నేల కుంగుతోందా, కుంగితే ఎంత అన్నది ఉపగ్రహ రాడారుతో కొలవవచ్చు. నా మనసులో అన్నిటికంటే ముందుండేది ఇదే, ఎందుకంటే డెల్టాలో ఒక అడుగు కుంగితే ఉప్పునీరు ఎంత లోపలికొస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక డబ్బు. పీహెచ్‌డీకి ఇంట్లోవాళ్ళు పెట్టుబడి పెట్టాలనుకుంటారు చాలామంది. నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ 70,000తో మొదలైంది. గేట్ స్కోరుతో ఐఐటీల్లో చేరవచ్చు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీఆర్‌సెట్ ఉంది. కాకినాడ జేఎన్‌టీయూ, రాజమహేంద్రవరం నన్నయ విశ్వవిద్యాలయం ఇక్కడికి బస్సు దూరం. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. రిజర్వేషన్ వర్గాలకు అందులో 5 శాతం సడలింపు.

గైడు ఎంపికలో తొందరపడకండి. ఆయన దగ్గర ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళతో మాట్లాడండి. ఎంతమంది పూర్తిచేశారో అడగండి. పేరున్న సంస్థలో పలకరించని గైడు కంటే, చిన్న విశ్వవిద్యాలయంలో వారానికోసారి మీ నోటుపుస్తకం తెరిచి చూసే గైడు మేలని నా గట్టి నమ్మకం.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మా, అయ్యా, "ఇంకా ఎన్నేళ్ళు చదువు, పెళ్ళెప్పుడు?" అన్న మీ బెంగ నాకు అర్థమవుతుంది. పీహెచ్‌డీకి గడువు ఆరేళ్ళు. ఆడవాళ్ళకు అదనంగా రెండేళ్ళ వెసులుబాటు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు నిబంధనల్లోనే ఉన్నాయి. పెళ్ళయినా చదువు ఆగనక్కర్లేదు. పెళ్ళిచూపుల్లోనే ఆ మాట మీరు అడిగి ఖాయం చేసుకోండి.

పిల్లలూ, ఈ వారం ఒక పని చేయండి. మీ ఊళ్ళో రైతునో, చెరువు కాపలాదారునో, కోటిపల్లి రేవులో పంటు నడిపేవాళ్ళనో పలకరించి, వాళ్ళను ఏళ్ళుగా వేధిస్తున్న సమస్య ఒకటి వాళ్ళ మాటల్లోనే ఒక పేజీ రాసుకోండి. కింద మీకు తెలిసిన సైన్సు ఎంతవరకు జవాబు చెప్పగలదో రాయండి. జవాబు ఎక్కడ ఆగిపోయిందో అక్కడ గీత గీసి, ఆ పేజీ పట్టుకుని మీ మాస్టారి దగ్గరకు వెళ్ళండి.