నల్లతుమ్మ చేవ

మన్నెగూడ నుంచి సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే, వెంచర్ల నడుమ ఇంకా అక్కడక్కడా నల్లతుమ్మ చెట్లు కనిపిస్తాయి. ముళ్లచెట్టే కదా అని పొయ్యిలోకి కొట్టేస్తున్నాం. నాకు మనసొప్పడం లేదు.

ఎండిన టేకు ఘనమీటరు సుమారు 650 కిలోలు తూగితే, నల్లతుమ్మ దాదాపు 800 కిలోలు తూగుతుంది. ఎడ్లబండి చక్రానికి కుండ, ఆకులు, నాగలి, గొడ్డలి కామ, నూనె గానుగ అన్నీ దీనితోనే చేసేవారు. దెబ్బకు ఓర్చుకునే కర్ర ఇది.

కోసి చూడండి. అంచున తెల్లచెక్క, లోపల గులాబీ ఛాయ గోధుమరంగు చేవ. గాలి తగిలేకొద్దీ చేవ ముదురెక్కుతుంది. తెల్లచెక్కను పురుగు తొందరగా పడుతుంది. అందుకే పెద్దలు దుంగల్ని కొన్ని వారాలు చెరువు నీళ్లలో నానేసి, తర్వాత నీడలో ఆరబెట్టేవారు. పచ్చిగా ఉన్నప్పుడే కోయించుకోవాలి, ఎండితే రంపం పళ్లు అరిగిపోతాయి. మేకు కొట్టేముందు బెజ్జం వేయాలి, లేదంటే చెక్క చీలుతుంది.

దీన్ని సర్కారు తుమ్మ అనుకోకండి, అది వేరే చెట్టు. నల్లతుమ్మకు గుండ్రటి పసుపుపచ్చ పూలు, పూసలు గుచ్చినట్టుండే కాయలు. సర్కారు తుమ్మ పూలు పొడుగాటి కంకులు.

మీ గట్టున నల్లతుమ్మ ఉంటే పొయ్యికి వేయకండి. కొట్టక తప్పకపోతే అటవీ శాఖలో అనుమతి సంగతి కనుక్కుని, ముందు వడ్రంగికి చూపించండి.