తల నెరసిన మన “పిల్లలు”



యెషయా గ్రంథము 46వ అధ్యాయము 4వ వచనములో, వృద్ధాప్యములో కూడా తన ప్రజలను మోసేది తానేనని దేవుడు వాగ్దానం చేస్తున్నాడు. గమనించండి, ఆ వాగ్దానానికి తెలివితేటల కొలత లేదు. బుద్ధిమాంద్యము గలవారికి కూడా తల నెరుస్తుంది. ఆ వాగ్దానం వారికీ చెందుతుంది.

మన సంఘాలలో నలభై, యాభై ఏళ్లు వచ్చినా “బాబు”, “పాప” అని పిలువబడే వారున్నారు. ప్రేమతోనే పిలుస్తాము. కాని పసివారే అనుకోవడం వలన వారికి వయసు మళ్లుతున్న సంగతి గమనించము. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ గలవారి సగటు ఆయుష్షు 1983లో 25 ఏళ్లు. ఇప్పుడు దాదాపు 60. ఇది దేవుని కృప. అయితే వీరికి ముసలితనం త్వరగా వస్తుంది. 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండడం వలన అల్జీమర్స్ అనే మతిమరుపు వ్యాధి కూడా తొందరగా రావచ్చు.

అందుచేత, ఎప్పుడూ చప్పట్లు కొట్టి పాడేవాడు మౌనంగా కూర్చుంటే, మందిరం మెట్లెక్కడానికి భయపడితే, “వాడి తీరే అంత” అనకండి. కంటిలో శుక్లం, వినికిడి లోపం, థైరాయిడ్, పంటి నొప్పి కారణం కావచ్చు. నోటితో చెప్పలేని నొప్పి ప్రవర్తనలో బయటపడుతుంది. వీటికి వైద్యం ఉంది. క్రమంగా పరీక్షలు చేయించండి. ప్రతిదినము నడిపించండి. చేయగలిగిన పని చేయనివ్వండి.

“నాకంటే ఒకరోజు ముందు నా బిడ్డను తీసుకో ప్రభువా” అని కన్నీటితో ప్రార్థించే తల్లులున్నారు. అది అవిశ్వాసం కాదు. “నా తరువాత ఎవరు?” అనే ప్రశ్న. జవాబు కొంత చట్టంలో ఉంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండిన వీరికి జిల్లా కలెక్టరు గారి ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుని నియమించుకోవచ్చు. నిరామయ ఆరోగ్య బీమాలో ఏటా లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు పొందవచ్చు. తల్లిదండ్రులారా, ఓపిక ఉండగానే ఈ పనులు ముగించుకోండి.

మిగిలిన జవాబు సంఘమే. ఆ తల్లి బ్రతికి ఉండగానే రెండు కుటుంబాలు ఆ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాలి. అతనికి ఏ కూర ఇష్టమో, ఏ మందు వేళకు వేయాలో, దేనికి భయపడతాడో ఆమె నోటనే నేర్చుకోవాలి. తల్లిని పోగొట్టుకున్న రోజునే అతడు కొత్త ముఖాల మధ్యకు వెళ్లకూడదు.

మోస్తానని దేవుడన్నాడు. ఆయన మోసే చేతులు మనవి కావాలి. అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.